మేస్త్రి అనే మాట, పడమటి గోడ

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ముందే ఒప్పుకుంటే తర్వాత రాయడం తేలిక. మా బడికి కొత్తగా వచ్చిన లెక్కల టీచరు చేతిరాత ముత్యాల్లా ఉందని పిల్లలు అన్నప్పుడు వారం రోజులు నా చేతికి చాక్‌పీసు కుదరలేదు. పక్కింటి మల్లె అంటు బతికి నాది ఎండిపోతే ఆ పువ్వుల వాసనకే నాకు తలనొప్పి వస్తుంది. ఇవన్నీ చిల్లర కుళ్లు, వచ్చి పోయేవి. కడుపు మండి, నలభై ఐదేళ్లు వచ్చినా చల్లారనంతగా నేను అసూయపడ్డది ఒక్క మనిషి మీదనే. ఆమె మా నాయిన దగ్గర ఇటుకలు మోసే కూలిగా చేరిన మనిషి. ఇది అచ్చులో వచ్చినా ఆమె చదవదు, చదువు రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా నాయిన మేస్త్రి. వరంగల్ మట్టెవాడ నుంచి కాజీపేట రైల్వే క్వార్టర్ల దాకా ఆయన చెయ్యి పడని వీధి తక్కువ. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు పోయాయి, నా దగ్గరే ఉంటాడు. సరిగ్గా చెప్పాలంటే నేనే ఆయన దగ్గర ఉంటాను, ఇల్లు ఆయన కట్టిందే కాబట్టి. వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురింటి సజ్జ వంకరగా ఉందని రోజుకోసారి విసుక్కుంటాడు. నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. మేస్త్రి బిడ్డ టీచరైందని వాడలో అందరూ మెచ్చుకున్నారు, మేస్త్రి తప్ప. ఆయన మెచ్చుకోలు అంటే గొంతులోంచి వచ్చే ఒక "ఊఁ". అది గోడలకు మాత్రమే దక్కేది.

బడిలో నాదొక అలవాటు. రోజూ మొదటి పీరియడ్‌లో బోర్డు మూలకు ఒక ఇంగ్లిష్ మాట రాసి, అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి నోళ్లలో నానింది, దాని అక్కచెల్లెళ్లు ఏ ఏ భాషల్లో ఉన్నారు అని చెబుతాను. పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు శ్రద్ధగా వింటారు. పోయిన వానాకాలంలో ఒక రోజు 'మాస్టర్' వంతు వచ్చింది. అందరికీ తెలిసిన మాట, పది నిమిషాల్లో తేలిపోతుందనుకున్నాను. ముందు రోజు సాయంత్రం ఫోనూ, నా పాత నిఘంటువూ ముందేసుకుని కూర్చుంటే, వెతికేకొద్దీ ఆ మాట మా వాకిలి దాకా నడిచి వచ్చింది.

దాని తల్లి లాటిన్. మజిస్టర్ అంటే పెద్ద, నేర్పేవాడు, పది మందికి పని చెప్పేవాడు. అది ఫ్రాన్సులో మెత్ర్ అయి బడిపంతుళ్ల దగ్గరా వకీళ్ల దగ్గరా ఆగింది. ఇటలీలో మాయెస్త్రో. అక్కడ కచేరీ నడిపే విద్వాంసుడూ మాయెస్త్రోనే, చిన్న పిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులూ మాయెస్త్రోనే. జర్మనీలో మైస్టర్ అంటే పరీక్ష నెగ్గి, ఇంకొకరికి నేర్పే హక్కు సంపాదించుకున్న పనివాడు. హంగరీ వాళ్ల మెష్టెర్, రష్యా వాళ్ల మాస్తెర్ కూడా ఆ తల్లి పిల్లలే. ఇంగ్లిష్‌లో అదే మాట నోళ్లలో అరిగి మిస్టర్ అయి, దారిన పోయే ప్రతి మగవాడి పేరు ముందూ చేరింది. ఫ్రాన్సు దక్షిణాన చెట్లను వంచేసే చలిగాలి ఒకటుందట, మిస్త్రాల్. గాలులన్నిట్లో పెద్దది అని ఆ పేరు. పోర్చుగల్‌లో ఆ మాట మెస్త్రె. వాళ్లు ఓడలేసుకుని మన పడమటి తీరానికి వచ్చి, కోటలూ చర్చిలూ కట్టిస్తూ పనివాళ్లలో పెద్దవాడిని అట్లా పిలిచి ఉంటారు. అది ఓడ దిగి, దక్కన్ ఎక్కి, ఎన్ని నోళ్లలో పడిందో ఏమో, మన దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి.

నేను కుర్చీలోంచి లేచాను. నా ఎమ్మే సర్టిఫికెట్ మీద 'మాస్టర్' అని ఉంటుంది కదా. అంటే ఇన్నేళ్లుగా బీరువాలో ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న కాగితం మీద ఉన్నది మా నాయిన మాటే. ఇంకా లోపలికి పోతే ఇంకో సంగతి తేలింది. మజిస్టర్‌లో ఉన్న 'మజిస్' అంటే 'ఎక్కువ'. దానికి ఎదురు 'మినుస్', అంటే 'తక్కువ'. ఆ తక్కువలోంచి పుట్టింది మినిస్టర్, దాని అసలు అర్థం సేవకుడు. ఈ ముక్క చెబితే పిల్లలు నవ్వుతారని పక్కన రాసిపెట్టుకున్నాను. కానీ నా మనసు మాత్రం 'ఎక్కువ' దగ్గరే చిక్కుకుంది. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

చాయ్ పెట్టుకుని పోయి నాయిన పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఓడలు, కోటలు, మాయెస్త్రో, చలిగాలి, నా సర్టిఫికెట్, ఏదీ వదల్లేదు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. చివర్లో అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఇప్పుడు వస్తుంది ఆ "ఊఁ" అని నేను ఎదురుచూశాను.

"మంచి ముచ్చట బిడ్డా. ఇది ఆ పిల్లకు జెప్పు. మస్తు ఖుషైతది" అన్నాడు.

ఆ పిల్ల అంటే ఆమె. యాభై నాలుగేళ్ల మనిషిని ఆయన ఇంకా పిల్ల అంటాడు. నేను వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది ఆయన అట్లాగే ఆమె చేతికి అందించాడు. చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను, ఆయన ఇంకా తాగకముందే.

ఆమె మా నాయిన పనిలో చేరినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, ఆమెకు పద్దెనిమిది. వరంగల్ పక్క ఊరు, వాళ్లది కూలి చేసుకునే ఇల్లు. వానలు లేని ఏడు కూలీల అడ్డా మీదికొచ్చి నిలబడితే నాయిన ఇటుకలు మోయడానికి తీసుకున్నాడు. బడి సెలవుల్లో నాయినకు సద్ది పట్టుకుపోవడం నా పని. ఒకరోజు నేను పోయేసరికి మగవాళ్లంతా అన్నానికి కూర్చున్నారు. ఆమె ఒక్కతే ఎవరిదో తాపీ తీసుకుని గోడ మీద ఒక గుంట పూడుస్తోంది. నాయిన చూశాడు. తిడతాడని సంబరంగా నిలబడ్డాను. ఆయన పోయి, ఆమె మణికట్టు పట్టుకుని తాపీని కొంచెం పక్కకు తిప్పి, "గిట్ల పట్టు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆమె తీసిన గీత చూసి "ఊఁ" అన్నాడు.

అంతకు ముందు వేసవిలోనే నేను తాపీ అడిగాను. సిమెంటు చేతులు తింటుందని, నా చేతికి పెన్ను చాలని చెప్పి గుంజుకున్నాడు. నేను క్లాసులో ఫస్టు వస్తే ప్రోగ్రెస్ కార్డు మీద మెల్లగా, ఇటుక పేర్చినట్టు ఒక్కో అక్షరం పెట్టి సంతకం చేసి, "మంచిగనే ఉన్నది" అని పనికి పోయేవాడు. ఆమె వేసిన గోడ ముందు మాత్రం గొంతుక్కూర్చుని ఒక బీడీ అయ్యేదాకా చూసేవాడు. ఆడమనిషికి తాపీ ఇచ్చాడని అడ్డా మీద నవ్వారు. ఆడదాని చేతికి గోడ నిలవదని ఆయన ముందే అన్నారు. ఆయన వాళ్లనే కసిరాడు. మా అమ్మకూ ఆమె మీద ఏమీ లేదు, ఇద్దరూ వాకిట్లో కూర్చుని ఒకే పళ్లెంలో బుక్కెడు బుక్కెడు తినేవాళ్లు. పుట్టెడు మంటంతా నాకే. నేను ఆమెను అక్కా అని కూడా ఎప్పుడూ పిలవలేదు.

మా నాయినకు ఒక పద్ధతి ఉండేది. డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్లు కట్టేటప్పుడు తన మేస్త్రి తనకు నేర్పింది అట్లాగేనట. పని నేర్చుకున్నవాళ్లు మేస్త్రి సొంత ఇంట్లో ఒక గోడకు, ఎవరి సాయమూ లేకుండా, ఒంటి చేత్తో గిలాబు చేయాలి. గిలాబు అంటే ఇటుక గోడకు వేసే సిమెంటు పూత. పూత వేయడంతో అయిపోదు. పది రోజులు పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం దానికి నీళ్లు కొట్టాలి, లేకపోతే ఎండకు పూత నెర్రెలిచ్చి గోడను వదిలేస్తుంది. పదకొండో రోజు అందరి ముందు మేస్త్రి వేళ్ల కణుపులతో గోడంతా తట్టి చూస్తాడు. గట్టి చప్పుడు వస్తే ఆ మనిషిని అడ్డాకు తీసుకుపోయి, ఈరోజు నుంచి ఇతనూ మేస్త్రి అని చెబుతాడు. డొల్ల చప్పుడు వస్తే తాపీ తీసేసుకుంటాడు. గోడ వేసినవాళ్లదే జవాబుదారీ, వానొచ్చినా వరదొచ్చినా.

నాకు పదకొండేళ్లప్పుడు ఆమె వంతు వచ్చింది. మా ఇంటి పడమటి గోడ ఇచ్చాడు. మే నెల. రెండు రోజుల్లో ఆమె ఆ గోడను అద్దంలా చేసింది. ఆ తర్వాత ఆరు రోజులు కాజీపేటలో పని మీద నుంచి మూడు పూటలా వచ్చి నీళ్లు కొట్టింది. ఏడో రోజు డోర్నకల్‌లో అర్జెంటు పని పడి నాయిన గుంపునంతా నాలుగు రోజులకు తీసుకుపోయాడు, ఆమెను కూడా. వద్దనడానికి ఆమెకు నోరెక్కడిది. పోయే ముందు నా దగ్గరకొచ్చి, "బిడ్డా, జర మూడు పూటల నీళ్లు కొట్టు. పగటి పూటది మర్శిపోకు" అని బకెట్టూ చెంబూ చూపించి పోయింది. అమ్మ బియ్యం మిల్లుకు పొద్దున పోతే చీకటి పడే ముందు వచ్చేది. ఇంట్లో నేనొక్కదాన్నే.

నేను నీళ్లు కొట్టలేదు.

మరిచిపోలేదు, బద్ధకమూ కాదు. బకెట్టు నింపుకుని గోడ ముందు నిలబడి, కొట్టకూడదని నిర్ణయించుకున్నాను. అమ్మ వచ్చి చూస్తే తెలియకుండా గోడ కింద నేల మాత్రం శుభ్రంగా తడిపేదాన్ని. తడిపి, చాప వేసుకుని కథల పుస్తకం చదువుకునేదాన్ని. మధ్యాహ్నం ఆ గోడ తెల్లగా ఎండి చిటపటమని చిన్న చప్పుళ్లు చేసేది. నాకు అది వినడం ఇష్టంగా ఉండేది. ఇంత నీచంగా రాయకపోయినా పోయేది, కానీ జరిగింది ఇదే.

నాలుగో రోజు వాళ్లు తిరిగొచ్చారు. మరునాడు గుంపంతా మా వాకిట్లో చేరింది. నాయిన కణుపులతో తట్టుకుంటూ పోయాడు. గోడ మధ్యకు వచ్చేసరికి డొల్ల చప్పుడు, పైన డొల్ల, కిటికీ పక్కన డొల్ల. సన్నటి నెర్రెలు సాలీడు గూడులా పాకి ఉన్నాయి. ఆమె నా వైపు తిరిగి, "కొట్టినవా బిడ్డా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా అడిగింది. "మూడు పూటల కొట్టిన" అన్నాను. ఆమె నమ్మింది. నాయిన చెయ్యి చాపితే తాపీ ఇచ్చేసింది. రెండేళ్లు ఇసుక జల్లించమన్నాడు. మగవాళ్లలో ఒకడు ఆడదాని చెయ్యి గురించి మళ్లీ ఆ మాటే అన్నాడు, ఈసారి నాయిన వాడిని ఏమీ అనలేదు.

రెండేళ్ల తర్వాత ఆమె ఇంకో గోడ వేసింది. ఈసారి పది రోజులూ మా వాకిట్లోనే ఉండిపోయింది, చెంబు ఇంకొకరికి ఇవ్వలేదు. నాయిన ఆమెను అడ్డాకు తీసుకుపోయాడు. మేస్త్రి అయింది. ఈ వరంగల్‌లో ఆమె కింద పని నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు బోలెడు మంది. వారానికొకసారి నాయినను చూడడానికి వస్తుంది, ఏ కాలానికి ఆ పండు తెస్తుంది. ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఇద్దరూ ఇసుక గురించి గంటసేపు మాట్లాడుకుంటారు. నేను ఆ గంటా వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉంటాను.

పోయిన ఏడాది నేను ఇంటి మీద ఒక గది వేయించడం మొదలుపెట్టాను, నా పుస్తకాలకు. గిలాబు ఆ పిల్లతో చేయించమని నాయిన ముందే చెప్పాడు. నేను కావాలనే ఒక కాంట్రాక్టరు మనుషుల్ని పెట్టాను. నాయిన ఆ గదిని చూడడానికి పైకి ఎక్కనన్నాడు. మోకాళ్ల నొప్పి అన్నాడు. నలుగురు మోస్తామన్నా వద్దన్నాడు.

ఆయన పైకి రానన్నాడన్న కోపం అట్లాగే ఉండగా నా చేతికి ఇంకో ముక్క దొరికింది. 'మాస్టర్‌పీస్' అని వింటాం కదా, గొప్ప కళాఖండం అనే అర్థంలో. మొదట్లో దాని అర్థం అది కాదు. వెనకటికి ఐరోపా ఊళ్లలో పనివాళ్ల సంఘాలు ఉండేవి. పని నేర్చుకున్నవాడు తన చేతితో ఒక వస్తువు చేసి సంఘం పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు దాన్ని తిప్పి చూసి, తట్టి చూసి, సరేనంటేనే వాడు మాస్టర్. ఆ పరీక్ష వస్తువే మాస్టర్‌పీస్, జర్మనీ వాళ్లు మైస్టర్‌ష్టుక్ అంటారు. అచ్చం మా నాయిన గోడ. లాటిన్ ముక్క రాని మా నాయిన ఆ మాటతో పాటు దాని ఆచారాన్ని కూడా తెలియకుండానే మోస్తున్నాడు.

అంత మంచి సంగతిని మంచిగా చెప్పి ఊరుకోవచ్చు. నా బుద్ధి ఊరుకోనిస్తుందా? ఆదివారం పొద్దున నాయినకు జొన్నరొట్టె పెట్టి ఈ సంఘాల కథంతా చెప్పాను. చెప్పి, చివర్లో నవ్వుతూ అంటించాను.

"గా ఊళ్లల్ల అయితే నీ పిల్ల మేస్త్రి అయ్యేదే కాదు నాయినా. మొదటి గోడే పలిగె కద."

ఆయన రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"ఆ గోడ పలిగింది ఆమె చేతిల కాదు" అన్నాడు.

ఆయన నా వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయాడు. డోర్నకల్ నుంచి వచ్చిన రోజు గుంపును స్టేషన్లోనే వదిలి ఆయన ముందుగా ఇంటికొచ్చాడట. మిట్ట మధ్యాహ్నం. నేను చాప మీద నిద్రపోతున్నానట. గోడ కింద నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. గోడ మీద చెయ్యి పెడితే కాలింది. నీళ్లు కొడితే ముందు తడిసేది గోడ, ఆ తర్వాత నేల. గోడ ఎండి నేల తడవడం వానతో కూడా కాదు, అది మనిషి పని అన్నాడు.

"ఎర్క ఉండే మరి ఆమెను ఇసుకకు ఎందుకు పంపినవ్?" అని అడిగాను.

"నువ్వు అందరి ముంగట కొట్టిన అన్నవ్. నా బిడ్డ అబద్ధమాడిందని అందరి ముంగట నేనెట్ల అంట?" రొట్టె ముక్కను పళ్లెం అంచుకు జరిపాడు. "ఆమె కూలికొచ్చిన పిల్ల. నువ్వు నా బిడ్డవు."

మొదట నాకు సంతోషమే కలిగింది. అబద్ధం చెప్పను. ముప్పై ఆరేళ్లుగా నేను వినాలనుకున్న మాట అదే. ఎక్కువ నేనే. తాపీ కంటే, గోడ కంటే, తాను నమ్మిన పద్ధతి కంటే ఎక్కువ. ఎవరి మీద ఏడుస్తూ బతుకంతా గిన్నెలు చప్పుడు చేశానో ఆమె నా ముందు ఎప్పుడూ తక్కువే. ఆ సంతోషం పళ్లెం కడిగి బోర్లించేదాకా కూడా నిలవలేదు. నన్ను అంత ఎక్కువ చేయడానికి ఆయన ఒక నిర్దోషి చేతిలోంచి తాపీ గుంజుకున్నాడు, నేను చూస్తూ నిలబడ్డాను. ఆమెకు ఇది తెలుసా అని అడిగితే, తాను చెప్పలేదని, ఆమె అడగలేదని అన్నాడు. ఆ వెంటనే ఎదురింటి సజ్జ వంకర గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

మరుసటి ఆదివారం కాజీపేట పోయాను. స్టేషను దాటాక ఒక అపార్ట్‌మెంటు లేస్తోంది, ఆమె అక్కడ పని చేయిస్తోంది. రెండో అంతస్తులో పరంజా పక్కన ఒక్కతే గోడకు చివరి చేయి పెడుతోంది, మిగతావాళ్లు కింద చాయ్ తాగుతున్నారు. నన్ను చూసి ఆమె కంగారుపడింది. మేస్త్రికి ఏమైనా అయిందా అని అడిగింది. ఏమీ కాలేదని చెప్పి, ఒక ముచ్చట చెప్పమని నాయిన పంపాడన్నాను. ముందు మాట కథ చెప్పాను. ఓడలు, కోటలు, మాయెస్త్రో, అన్నీ. ఆమె తాపీ ఆపకుండానే విని, నవ్వి, ఇంత దూరం నుంచి వచ్చిన మాట అయితే మంచిగ చూసుకోవాలె అంది. నాయిన అన్నట్టే ఖుషీ అయింది. అది చూసి కూడా నా లోపల ఎక్కడో చురుక్కుమంది, దాచను.

తర్వాత గోడ సంగతి చెప్పాను. బకెట్టు, తడిపిన నేల, చాప, నేను ఆడిన అబద్ధం. క్షమించమని అడిగాను. ఆమె తాపీని సిమెంటు మాలు తట్టలో పెట్టింది. చాలాసేపు తన గోడనే చూసింది, నన్ను కాదు.

"ఆ రెండేండ్లు నేనేం జేసిన్నో ఎర్కనా? నా ఇసుకల మన్నున్నదేమో అని జల్లెడ మార్చిన. సిమెంటు పాతదేమో అనుకున్న. నా చెయ్యే ఉడుకు చెయ్యేమో అనుకున్న. ఆడదాని చేతికి గోడ నిలువదని వాళ్లనేది నిజమేనేమో అని సుత అనుకున్న" అంది. "ఇప్పటికి గూడ ఏ గోడ ఏసినా పది రోజులు నిద్ర పట్టది."

కింద ఎవరో మిక్సర్ ఆన్ చేసి మళ్లీ ఆపారు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"మేస్త్రికి ఎర్కనా ఇది?"

అడిగిన తీరులోనే తెలిసింది, ఇప్పటిదాకా చెప్పిందంతా ఆమె మోయగలదు, దీనికి జవాబు మాత్రం మోయలేదని. నేను 'ఎర్కనే' అంటే చాలు. ఒక్క మాట. వారం వారం పండ్లు రావు. నాయిన కుర్చీ పక్కన ఎవరూ కూర్చోరు. తొమ్మిదేళ్ల వయసులో సద్ది గిన్నె పట్టుకుని నిలబడి ఏది తెగిపోవాలని కోరుకున్నానో, అది ఈ ఆదివారం నా నోటి మాటతో, అదీ నిజం చెప్పి తెంపేయొచ్చు. ఎవరూ నన్ను తప్పు పట్టరు.

"తెల్వదు. నేనే ఎవ్వరికీ చెప్పలే" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. వదిలి, తాపీ అందుకుంది.

"గట్లనే అనుకున్న. ఎర్కుంటే మేస్త్రి గట్ల చెయ్యడు."

"చెయ్యడు" అన్నాను.

"నిన్నేమనాల్నో నాకిప్పుడు తెలుస్తలేదు. నువ్వు పో ఇగ" అని గోడ వైపు తిరిగింది.

నేను వెంటనే పోలేకపోయాను. ఆమె చెయ్యి గోడ మీద ఆ మూల నుంచి ఈ మూలకు, ఎక్కడా ఆగకుండా పోతోంది. ఆమె నమ్మిన మేస్త్రి న్యాయం తప్పని మనిషి, తెలిసి తెలిసి ఎవరి చేతిలోంచీ తాపీ తీసుకోడు. అటువంటి మనిషి ఆమెకు ఉన్నాడు, నాకు లేడు. అక్కడ నిలబడి దానికీ కుళ్లుకున్నాను.